వెరావల్ నుంచి హేగ్ దాకా

హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గానీ, అశోక్‌నగర్ హాస్టళ్లలో గానీ, విజయవాడ, విశాఖపట్నం స్టడీ హాళ్లలో గానీ పోటీ పరీక్షలకు చదివేవాళ్లను ఏ సబ్జెక్టు భయపెడుతోందని అడగండి. ఎకానమీ అంటారు, సైన్స్ అండ్ టెక్నాలజీ అంటారు, ఎస్సే అంటారు. అంతర్జాతీయ సంబంధాల పేరు చాలామంది ఎత్తరు. దాన్ని విడిగా ఒక సబ్జెక్టుగా లెక్కలోకే తీసుకోరు, కరెంట్ అఫైర్స్‌లో కలిపేస్తారు. పరీక్ష దగ్గర పడ్డాక మాసపత్రికలు ముందేసుకుని ఏ సదస్సు ఏ నగరంలో జరిగింది, ఏ కూటమిలో ఎన్ని దేశాలున్నాయి, సచివాలయం ఎక్కడుంది అని బిట్లు వల్లె వేస్తారు. ప్రిలిమ్స్‌లో వాటివల్ల నాలుగు మార్కులు వస్తే రావచ్చు. మెయిన్స్ పేపరు చేతికొచ్చాక మాత్రం కలం కదలదు. బుర్రలో పేర్లూ తేదీలూ బోలెడు ఉంటాయి, వాటిని కలిపి చెప్పే మాట ఒక్కటీ ఉండదు. ఇంట్లోవాళ్లు పంపే డబ్బుతో ఏళ్ల తరబడి గదుల్లో ఉండి ఇంత కష్టపడి చదివే పిల్లలు ఈ ఒక్కచోట చేజేతులా నష్టపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపరు 250 మార్కులకు. అందులో రాజ్యాంగం, పరిపాలన, సామాజిక న్యాయం అయ్యాక చివర్లో అంతర్జాతీయ సంబంధాలకు నాలుగే నాలుగు అంశాలు ఇచ్చారు. ఇరుగుపొరుగు దేశాలతో మన సంబంధాలు ఒకటి. మనకు ప్రమేయం ఉన్న, లేదా మన ప్రయోజనాల మీద ప్రభావం చూపే కూటములు, ఒప్పందాలు రెండోది. ఇతర దేశాల విధానాలు, రాజకీయాలు మన మీద చూపే ప్రభావం, దాంతోపాటు ప్రవాస భారతీయులు మూడోది. అంతర్జాతీయ సంస్థలు, వాటి నిర్మాణం, బాధ్యతలు నాలుగోది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జనరల్ స్టడీస్‌లో అయితే 'అంతర్జాతీయ సంబంధాలు, సంఘటనలు' అని ఒక్క పంక్తితో సరిపెట్టారు. ఇంత పొట్టి సిలబస్ కింద ప్రపంచమంతా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియక విద్యార్థి మళ్లీ బిట్ల పుస్తకం దగ్గరికే పోతాడు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఒక్క సంఘటన పట్టుకోండి. దాని అడుగు దాకా వెళ్లండి. ఆ సంఘటనకు మూలమైన ఒప్పందం ఏమిటి, ఆ ఒప్పందానికి ఆధారమైన చట్టం ఏమిటి, పటం మీద అది ఎక్కడుంది, అవతలి దేశం ఏమంటోంది, ఇవన్నీ తేలాకే రెండోదాన్ని ముట్టుకోండి. ఇలా పది పన్నెండు సంఘటనలు చదివినవాళ్లకు సిలబస్‌లో మిగిలేది పెద్దగా ఉండదు. ఒకదాన్ని ఇప్పుడు మీతో కలిసి చదువుతాను. దగ్గర అట్లాసు ఉంటే తెరవండి.

2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్ సముద్ర భద్రతా దళానికి పట్టుబడ్డారు. బంగాళాఖాతం ఒడ్డున పుట్టినవాళ్లు అరేబియా సముద్రంలోకి ఎందుకు వెళ్లారు? ఉత్తరాంధ్రకు పొడవాటి తీరం ఉంది గానీ పెద్ద బోట్లు నిలిచే జెట్టీలు, హార్బర్లు కరువు. తెప్పల మీద, చిన్న పడవల మీద చేసే వేటతో ఇల్లు గడవదు. అందుకని వానాకాలం నిషేధం ముగిశాక గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోతారు. అక్కడి బోటు యజమానుల దగ్గర జీతానికి కుదురుతారు. బోటును నడిపించే పెద్దను తండేల్ అంటారు. ఒకసారి బయల్దేరితే రోజుల తరబడి నీళ్ల మీదే బతుకు. అలా వెళ్లి దొరికిపోయిన మనవాళ్లను కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర 20 మందిని మనకు అప్పగించారు. 'తండేల్' సినిమాకు ఆధారం ఈ ఉదంతమే.

బిట్ల పుస్తకంలో దీనికి దక్కేది ఒక్క ప్రశ్న: ఎంతమందిని విడుదల చేశారు? మనం అక్కడ ఆగొద్దు. సముద్రంలో గీత ఎవరు గీశారు అని అడుగుదాం.

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడిక 1982లో కుదిరింది, 1994లో అమల్లోకి వచ్చింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ప్రాదేశిక జలాలు. అక్కడ తీరదేశానికి దాదాపు భూమి మీద ఉన్నంత అధికారం ఉంటుంది. 200 నాటికల్ మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడి చేపలు, చమురు, ఖనిజాల మీద హక్కు తీరదేశానిదే అయినా ఆ నీళ్లు దాని సొంత భూభాగం లాంటివి కావు. ఈ తేడా గుర్తుపెట్టుకుని అదే ఒడంబడికలో 73వ అధికరణ చదవండి. ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధనలు మీరినవాళ్లకు, ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలుశిక్ష వేయకూడదని అందులో ఉంది. తగిన పూచీకత్తు తీసుకుని బోటునూ మనుషుల్నీ వెంటనే విడిచిపెట్టాలని కూడా ఉంది. భారత్ ఈ ఒడంబడికను 1995లో, పాకిస్థాన్ 1997లో ఆమోదించాయి. మరి మత్స్యకారులు ఏడాదికి పైగా జైల్లో ఎందుకున్నారు? ఆ రక్షణ ప్రత్యేక ఆర్థిక మండలికే పరిమితం. ప్రాదేశిక జలాల్లోకి వచ్చారన్నా, వేట నేరాన్ని పక్కనపెట్టి విదేశీయుల అక్రమ ప్రవేశం కింద కేసు కట్టినా ఆ అధికరణ అక్కరకు రాదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ ప్రాంతంలో గీత ఎక్కడుందో రెండు దేశాలూ ఈనాటికీ ఒప్పుకోలేదు.

అట్లాసులో వెరావల్ మీద వేలు పెట్టి తీరం వెంబడి వాయవ్యంగా జరపండి. ద్వారక దాటి, కచ్ సింధుశాఖ దాటి వెళ్తే భూమి చిత్తడిగా, ఉప్పు నేలగా మారిపోతుంది. అక్కడ గుజరాత్‌కూ సింధ్‌కూ మధ్య 96 కిలోమీటర్ల పొడవున ఒక బురద పాయ ఉంటుంది. అదే సర్ క్రీక్. 1914లో కచ్ సంస్థానానికీ సింధ్‌కూ మధ్య ఒక పరిష్కారం కుదిరింది. దాని పటంలో సరిహద్దు పాయకు తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పాయ మొత్తం మాదేనని పాకిస్థాన్ అంటుంది. పడవలు తిరిగే నీటిపాయల్లో సరిహద్దు పాయ మధ్యగా పోవాలి, దీన్నే థాల్వెగ్ సూత్రం అంటారు, 1925 పటం కూడా మధ్యగానే చూపుతోంది అని మనం అంటాం. పాయలో నౌకాయానం సాగదు కాబట్టి ఆ సూత్రం వర్తించదని వాళ్లు, పోటు వేళ సాగుతుందని మనం. 1965లో కచ్ రాన్‌లో ఘర్షణ జరిగాక అంతర్జాతీయ ట్రైబ్యునల్ వేశారు. 1968లో అది రాన్ సంగతి తేల్చింది గానీ సర్ క్రీక్‌ను ముట్టుకోలేదు. బురద పాయ కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, సముద్రపు సరిహద్దు మొదలయ్యేది ఆ పాయ మూతి దగ్గరే. అక్కడ గీత కాస్త జరిగితే సముద్రంలోకి పోయేకొద్దీ తేడా పెరిగిపోతుంది. ఆ తేడాలో చేపలున్నాయి, చమురు, గ్యాసు ఉండవచ్చన్న ఆశ ఉంది. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోని గీతను దాటినందుకు తండేల్ జైలుకు పోతాడు.

పట్టుబడ్డ మనిషి తిరిగి ఎలా వస్తాడు? దీనికి 2008 మే 21న రెండు దేశాలూ కాన్సులర్ సాయంపై ఒక ఒప్పందం చేసుకున్నాయి. అవతలి దేశం ఖైదీలు, మత్స్యకారులు తమ దగ్గర ఎవరెవరున్నారో ఏటా జనవరి 1న, జూలై 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. అరెస్టయిన మూడు నెలల్లోగా కాన్సులర్ అధికారుల్ని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, ఫలానా దేశస్థుడేనని ధ్రువీకరణ అందిన నెలలోగా పంపించేయాలి. జనవరి 1న ఇంకో జాబితా కూడా చేతులు మారుతుంది. అణు కేంద్రాల మీద దాడి చేసుకోకూడదని 1988లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఎవరి అణు కేంద్రాల వివరాలు వాళ్లు అవతలివాళ్లకు ఇస్తారు. 1992లో మొదలైన ఈ ఆనవాయితీ కార్గిల్ యుద్ధం తరవాత గానీ, ముంబై దాడుల తరవాత గానీ ఆగలేదు. భారత్, పాక్ సంబంధాల గురించి ఎన్నికల ప్రసంగాల్లో దొరకని సంగతి ఇందులో ఉంది. మాటలు పూర్తిగా తెగిపోయిన ఏళ్లలో కూడా తెగకుండా ఉంచుకున్న దారులు ఏవో చూడండి. అవి ఎందుకు తెగలేదో రాయగలిగితే అది మంచి జవాబు.

జాబితాలో పేరు ఎక్కగానే విడుదల అయిపోదు. అతను భారతీయుడేనన్న ధ్రువీకరణ కోసం కాగితం ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, అక్కణ్నుంచి జిల్లాకు, ఊరికి వచ్చి తిరిగి అదే దారిలో పోవాలి. ఈలోగా రాజకీయాలు మారిపోతాయి. మన మత్స్యకారులు కరాచీలో ఉన్న కాలంలోనే 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి, బాలాకోట్ వైమానిక దాడి జరిగాయి. ఆగస్టులో 370వ అధికరణ రద్దు, పాకిస్థాన్ మన హైకమిషనర్‌ను పంపించివేయడం జరిగాయి. ఈ తేదీల్ని ఒక గీత మీద, మత్స్యకారుల నిర్బంధాన్ని దాని కింద మరో గీత మీద వేసి చూడండి. విదేశాంగ విధానం మామూలు మనిషిని ఎక్కడ తాకుతుందో కళ్లకు కడుతుంది.

ఇక్కడి నుంచి కథ నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరానికి వెళ్తుంది. 2017లో భారతీయుడైన కుల్‌భూషణ్ జాదవ్‌కు పాకిస్థాన్ సైనిక కోర్టు గూఢచర్యం ఆరోపణపై మరణశిక్ష వేసింది. అతన్ని కలవడానికి మన అధికారుల్ని అనుమతించలేదంటూ భారత్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. మన వాదనకు ఆధారం 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒడంబడికలోని 36వ అధికరణ. పాకిస్థాన్ తన వాదనకు బలంగా ఏం తెచ్చిందో తెలుసా? మనం ఇప్పటిదాకా చెప్పుకున్న ఆ 2008 ఒప్పందమే. రాజకీయ, భద్రతా కారణాలతో అరెస్టు చేసినప్పుడు ఆ కేసును మంచిచెడ్డలు చూసి నిర్ణయించుకోవచ్చని అందులో ఒక నిబంధన ఉంది. దాన్ని చూపించి, గూఢచర్యం కేసులో కాన్సులర్ సాయం ఇచ్చితీరాలని లేదంది. కోర్టు ఒప్పుకోలేదు. వియన్నా ఒడంబడిక ఇచ్చిన హక్కును ఈ ద్వైపాక్షిక ఒప్పందం తగ్గించలేదని 2019 జూలై 17న 15-1 మెజారిటీతో తీర్పిచ్చింది. శిక్షను సమర్థంగా పునస్సమీక్షించాలని ఆదేశించింది. విడుదల చేయమని భారత్ కోరినా దానికి మాత్రం ఒప్పుకోలేదు. 'భారత్ గెలిచింది' అని రాసి ఊరుకున్న అభ్యర్థికీ, ఏది దక్కింది, ఏది దక్కలేదు అని రెండూ రాసిన అభ్యర్థికీ మార్కుల్లో తేడా ఇక్కడే వస్తుంది.

ఇంకొక్క మెట్టు దిగితే మనకు రుచించని సంగతి కూడా కనిపిస్తుంది. 1999 ఆగస్టులో ఆ కచ్ ప్రాంతంలోనే మన వైమానిక దళం పాకిస్థాన్ నౌకాదళ విమానాన్ని కూల్చింది. అప్పుడు హేగ్ కోర్టుకు వెళ్లింది పాకిస్థాన్. ఆ కేసు వినే అధికారం ఈ కోర్టుకు లేదని వాదించింది మనం. కామన్వెల్త్ దేశాలతో వివాదాల్లో కోర్టు పరిధిని ఒప్పుకోమని భారత్ ముందే షరతు పెట్టి ఉంది. 2000లో కోర్టు మన వాదనే అంగీకరించింది. ఒకే న్యాయస్థానం గడప ఒకసారి ఎక్కబోమన్నాం, ఇంకోసారి మనమే ఎక్కాం. రెండుసార్లూ దేశ ప్రయోజనమే చూసుకున్నాం. మన దేశం మీద అభిమానం పెట్టుకునే ఈ సంగతి చదవాలి, రాయాలి. పరీక్షకుడు వెతికేది ఈ నిబ్బరాన్నే.

ఇప్పుడు జవాబు సంగతి. 10 మార్కుల ప్రశ్నకు 150 మాటలు. మూడు గంటల్లో 20 ప్రశ్నలు. భారత్, పాక్‌ల మధ్య మత్స్యకారుల సమస్య మీద ప్రశ్న వచ్చిందనుకోండి. మన దేశం ఎప్పటినుంచో శాంతిని కోరుకుంటోంది, పొరుగువారిని మార్చుకోలేం అంటూ మొదలుపెడితే ఐదో పంక్తి దాకా అసలు విషయం రాదు. దాని బదులు ఇలా మొదలుపెట్టండి: 'సర్ క్రీక్ వివాదం తేలనందున అరేబియా సముద్రంలో రెండు దేశాల మధ్య అంగీకరించిన సరిహద్దు లేదు. ఈ లోటు భారం మత్స్యకారుల మీద పడుతోంది. సముద్ర చట్టాల ఒడంబడికలోని 73వ అధికరణ, 2008 ఒప్పందం కొంత రక్షణ ఇస్తున్నా, వాటి అమలు సంబంధాల ఎగుడుదిగుళ్ల మీద ఆధారపడి ఉంది.' మూడు వాక్యాల్లో కారణం, చట్టం, ఆచరణ మూడూ వచ్చేశాయి. తరవాత పక్కన చిన్న పటం గీయండి. తీరం, పాయ, రెండు దేశాలు చెప్పే రెండు గీతలు. అర నిమిషం పని. చివర్లో చేయదగినవి రెండు రాయండి. అందులో ఒకటి ఉత్తరాంధ్రలో జెట్టీలు కట్టడం కావచ్చు. విదేశాంగ సమస్యకు జిల్లా స్థాయి పరిష్కారం చూపడం తప్పేమీ కాదు. అధికారి కావాలనుకునేవాళ్లు అలాగే ఆలోచించాలి.

ఇదే సముద్ర చట్టంతో మిగతా ఇరుగుపొరుగును కూడా చదవొచ్చు. బంగ్లాదేశ్‌తో మన సముద్ర సరిహద్దు వివాదం ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2014 జూలైలో తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. ఎక్కువ భాగం పోయినా భారత్ తీర్పును గౌరవించింది. శ్రీలంకతో 1974, 1976లలో ఒప్పందాలే చేసుకున్నాం, కచ్చతీవు దీవి అటువైపు వెళ్లింది, గీత స్పష్టంగానే ఉంది. అయినా తమిళనాడు మత్స్యకారుల అరెస్టులు ఆగలేదు. భారత్, శ్రీలంకల మధ్యనున్న పాక్ జలసంధిలో మన ట్రాలర్లు సముద్రగర్భాన్ని ఊడ్చుకుపోతున్నాయని అక్కడి ఉత్తర తీరపు తమిళ మత్స్యకారులు మొత్తుకుంటున్నారు. అంతర్యుద్ధంలో సర్వం పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. ఒక తీరంలో మన మనిషి బాధితుడు, ఇంకో తీరంలో మన ట్రాలర్ వల్ల బాధపడేవాడు ఇంకొకడు. గీత ఉన్నా లేకున్నా సమస్య ఎందుకుందో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తే పొరుగు దేశాల మీద ఏ ప్రశ్నకైనా సరుకు దొరుకుతుంది.

కూటముల విషయంలో నేను ఎక్కువ చెప్పను. ప్రతిదానికీ దాని చార్టర్ చదవండి, చాలు. సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది, సచివాలయం ఖాట్మండూలో ఉంది అన్నది బిట్టు. నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలి, ద్వైపాక్షిక వివాదాలు చర్చకు రాకూడదు అన్నది చార్టర్‌లోని పదో అధికరణ. 2014 ఖాట్మండూ సదస్సులో వాహనాల రాకపోకల ఒప్పందానికి పాకిస్థాన్ ఒప్పుకోకపోతే అది ఎందుకు ఆగిపోయిందో, 2015లో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ విడిగా ఎందుకు సంతకాలు చేశాయో, మనం బంగాళాఖాత దేశాల కూటమి బిమ్స్‌టెక్ వైపు ఎందుకు మొగ్గామో ఆ ఒక్క అధికరణ నుంచే అర్థమవుతుంది. కారణం తెలిసినప్పుడు తేదీలు మరిచిపోవడం కష్టం.

చైనా గురించి చదివేటప్పుడు మన వంగర పీవీగారి దగ్గర మొదలుపెట్టండి. 1991లో సోవియట్ యూనియన్ కూలింది, మన దగ్గర విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. అలాంటి వేళ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు నెలకొల్పారు, తూర్పు దేశాల వైపు చూపు మళ్లించారు. 1993 సెప్టెంబరు 7న బీజింగ్‌లో వాస్తవాధీన రేఖ వెంబడి శాంతి, ప్రశాంతతలపై ఒప్పందం కుదిరింది. సరిహద్దు సంగతి తేలేదాకా రేఖను ఇద్దరూ గౌరవించాలన్నది దాని సారం. 1996లో దాని కొనసాగింపుగా మరో ఒప్పందం వచ్చింది. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని అందులోని ఆరో అధికరణ చెబుతుంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది మన సైనికులు అమరులయ్యారు. తుపాకులు ఉండి కూడా రాళ్లతో, కర్రలతో పోరు ఎందుకు జరిగిందని ఆనాడు ప్రతి తెలుగింట్లోనూ అడిగారు. జవాబు ఆ ఒప్పందంలో ఉంది. ఈ రెండు పత్రాలూ కలిపి కొన్ని పేజీలే. వాటిని చదివినవాళ్లకు 2024 అక్టోబరులో గస్తీపై కుదిరిన అవగాహన దేన్ని సరిచేసింది, దేన్ని వదిలేసింది అన్నది సులువుగా అందుతుంది. 1993 ఒప్పందం ఎలా కుదిరిందో తెలియాలంటే ఆ చర్చల్లో పాల్గొన్న శివశంకర్ మేనన్ రాసిన 'చాయిసెస్'లో మొదటి అధ్యాయం చదవండి.

సిలబస్‌లో ప్రవాస భారతీయులు అన్న మాట చూడగానే అందరూ అమెరికా గురించి, హెచ్-1బీ వీసాల గురించి రాస్తారు. రాయండి. కానీ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయి వెళ్లినవాళ్లు, రాజంపేట, రాయచోటి నుంచి, కోనసీమ నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు కూడా ప్రవాసులే. గల్ఫ్ దేశాల్లో సుమారు 90 లక్షల మంది భారతీయులున్నారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మందికి పైగా మనవాళ్లను విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. పశ్చిమాసియాలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఢిల్లీ మాటలు ఎందుకు ఆచితూచి వస్తాయో చమురు ఒక్కటే చెప్పదు, ఈ జనం కూడా చెబుతారు. ఈ సంబంధాన్ని నడిపే చట్టం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద పడే ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర, ఏజెంట్ల లైసెన్సులు, కనీస వేతనాల సిఫారసు అన్నీ ఆ చట్రంలోవే. 2020లో గల్ఫ్ కార్మికులకు సిఫారసు చేసే కనీస వేతనాన్ని కేంద్రం తగ్గించింది. కార్మిక సంఘాలు నిరసించాయి, వ్యవహారం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది, 2021లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. మీ ఊళ్లో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లుంటే ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. వీసా ఎలా వచ్చింది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది, జీతం ఆగితే ఎవరికి చెప్పుకున్నారు అని అడగండి. కార్మికుణ్ని యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతి గురించి ఏ గైడూ అంత బాగా చెప్పదు.

ఇక అంతర్జాతీయ సంస్థల సంగతి. హైదరాబాద్ విలీనం కూడా చరిత్ర పేపరుకే పరిమితం కాదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద తన ఫిర్యాదును భద్రతా మండలికి పంపింది. సెప్టెంబరు 16న పారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకుంది. అప్పటికే పోలీసు చర్య సాగుతోంది, మర్నాడు నిజాం లొంగిపోయాడు. అంతర్గత వ్యవహారాల్లో సమితి జోక్యం చేసుకోరాదన్న చార్టర్ రెండో అధికరణ ఏడో క్లాజును అర్థం చేసుకోవడానికి తెలంగాణ విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంది?

ఏం చదవాలి అని అడుగుతారు. మొదట ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం 'కాంటెంపరరీ వరల్డ్ పాలిటిక్స్'. తరవాత రోజూ ఒక మంచి దినపత్రిక. ఆపైన అసలు పత్రాలు. సంయుక్త ప్రకటనలు, పార్లమెంటులో మంత్రుల జవాబులు, విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం నివేదికలు విదేశాంగ శాఖ, పార్లమెంటు వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. సంయుక్త ప్రకటనను ఒంటరిగా చదవొద్దు. అంతకుముందు ఏడాది ప్రకటన పక్కన పెట్టుకుని, ఏది కొత్తగా చేరింది, ఏది మాయమైంది అని పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. 2022 బాలి జీ-20 ప్రకటనలో ఉక్రెయిన్‌పై రష్యా దురాక్రమణను ఖండించిన సమితి తీర్మానం ప్రస్తావన ఉంది. 2023 ఢిల్లీ ప్రకటనలో రష్యా పేరెత్తి ఖండించలేదు. ఏకాభిప్రాయం కోసం ఎవరు ఎంత తగ్గారో ఆ రెండు కాగితాలు చెబుతాయి. ఇవన్నీ ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉండటం తెలుగు మీడియం విద్యార్థులకు భారమే, కాదనను. అందుకే చెబుతున్నాను, వంద పేజీల గైడు అనువాదం కోసం వెతక్కండి. నాలుగు పేజీల ఒప్పందాన్ని పక్కన నిఘంటువు పెట్టుకుని మీరే చదివి, సారం తెలుగులో ఒక పేజీ రాసుకోండి. ఆ పేజీ నేరుగా పరీక్షలో పనికొస్తుంది.

రేపే మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక పత్రం పేరు చెబుతాను. గంగా జలాల ఒప్పందం. 1996 డిసెంబరు 12న భారత్, బంగ్లాదేశ్ సంతకాలు చేశాయి, గడువు 30 ఏళ్లు. ఏటా జనవరి 1 నుంచి మే 31 దాకా ఫరక్కా దగ్గర నీటిని పది రోజుల చొప్పున పంచుతారు. ప్రవాహం 70 వేల క్యూసెక్కులకు మించకపోతే చెరిసగం. 70 నుంచి 75 వేల మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కు 35 వేలు ఇచ్చి మిగతాది మనకు. 75 వేలు దాటితే మనం 40 వేలు తీసుకుని మిగతాది వాళ్లకు. ఆల్మట్టి నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసిన కృష్ణా రైతు పిల్లలకు దిగువ దేశం బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. బంగ్లాదేశ్ ముందు మనం ఎగువ దేశం, బ్రహ్మపుత్ర మీద చైనా ముందు మనమే దిగువ దేశం. ఒప్పందం చదివాక రెండు పేజీలు రాయండి. మొదటి పేజీ ఢిల్లీలో కూర్చున్న అధికారిగా, రెండోది బంగ్లాదేశ్‌లోని రాజ్‌షాహీలో వరి వేసే రైతుగా. రెండో పేజీ రాయడం కష్టమనిపిస్తే ఒప్పందాన్ని ఇంకోసారి చదవండి, ఎండాకాలం పంపకం మీద వాళ్ల అభ్యంతరాలు ఏమిటో వెతకండి, అప్పుడు రాయండి.